గాలికి అతుకుండదు

డాక్టర్ హుబాచెక్‌ను పుట్టగొడుగులతో చంపారు.

ఆసుపత్రి కాగితంలో అలా రాయలేదు. అడవిలో ఏరుకున్న విషపు పుట్టగొడుగు తిని, కాలేయం పాడై మరణం అని రాశారు. ఆకులు రాలే కాలంలో ఈ దేశంలో అది పెద్ద వార్త కాదు.

"ఆయన పుట్టగొడుగులు తినడు," అంది హెడ్వికా.

కర్నల్ ప్రాహర్ వెల్లుల్లి సూప్‌లో రొట్టె ముక్క ముంచబోయి ఆగాడు. బ్ర్నో నగరంలో ట్రామ్ డిపో వెనకున్న ఆ సారాయి కొట్టులో మధ్యాహ్నం వేళ డ్రైవర్లు తప్ప ఎవరూ ఉండరు. గూఢచారి విభాగానికి పెద్ద అయిన ఆయన అక్కడే మాట్లాడటానికి ఇష్టపడతాడు.

"ప్రతి ఆదివారం బుట్ట పట్టుకుని అడవికి పోయేవాడట కదా?"

"ఏరేవాడు. తినేవాడు కాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పూటపూటకీ అవే వండిపెట్టిందట. వాసనే పడదు. ఏరినవన్నీ పక్కింటివాళ్ళకి పంచేసేవాడు. నాకు ఎండబెట్టి డబ్బాలో పంపేవాడు." హెడ్వికా బీరు గ్లాసును కొంచెం పక్కకు జరిపింది. "చంపినవాళ్ళకి ఆయన అలవాటు తెలుసు. ఆయన తెలీదు."

ఆమె ఒకప్పుడు ఆయన విద్యార్థిని. ఇంజన్ సిలిండర్ లోపల గాలి ఎలా తిరుగుతుందో కొలవడం ఆయన దగ్గరే నేర్చుకుంది. తర్వాత ఆ చదువు వదిలేసి ప్రాహర్ విభాగంలో చేరింది. అంత్యక్రియలకు వెళ్ళింది, చివరి వరుసలో నిలబడింది, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చింది.

"విను మరి," అన్నాడు ప్రాహర్. "కొండల్లో చిక్కుకున్న వాళ్ళని తెచ్చే చిన్న విమానం ఉంది చూడు, కొంగ అంటారు. దానికి కొత్త ఇంజన్ చేశారు. మూడు దేశాలు కొనడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ ఇంజన్ పల్చటి గాలిలో ఆగిపోకుండా నడుస్తుందని కంప్యూటర్ లెక్క చెప్తోంది. ఆ లెక్క నిజమేనా అని కొలిచి చూసే పని మీ హుబాచెక్‌ది. చనిపోవడానికి ముందు, 'కొలత నాకు నచ్చలేదు' అన్నాడట."

"ఎవరితో?"

"ప్రయోగశాలలో మన మనిషి ఉంది. ఆమెతో. బయటి దేశం ముఠా ఒకటి ఇందులో చెయ్యి పెట్టింది. పేరు తెలీదు. మేం జలగ అంటున్నాం. వాళ్ళ దగ్గర అమ్ముకోవడానికి వేరే ఇంజన్ ఉంది. కొంగ మొదటి ప్రయాణంలోనే కూలితే..." ఆయన రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "శుక్రవారం లెక్కనీ కొలతనీ పక్కపక్కన పెట్టి చూస్తారు. కలిస్తే ఆ పూటే విమానం లేస్తుంది."

"ఇప్పుడే ఆపేయొచ్చుగా."

"ఏమని? ముసలాయన పుట్టగొడుగులు తినడు అనా? సాక్ష్యం లేకుండా ఆపితే కొనేవాళ్ళు బెదిరి పోతారు. జలగకి కావలసిందీ అదే." ఆయన సూప్ గిన్నె పక్కకు నెట్టాడు. "పైలట్ ఎవరో తెలుసుగా?"

"అపొలెనా."

"నీ కూతురని తెలిసే నిన్ను పంపుతున్నాను. పంపకూడదని రూలు."

"మరి ఎందుకు పంపుతున్నారు?"

"ఇంకెవరినైనా పంపితే, సాయంత్రం అయిదు కాగానే ఇంటికి పోతారు."

ఆయన బల్ల మీద, లేజర్ కాంతి నుంచి కళ్ళని కాపాడే నారింజరంగు కళ్ళద్దాల పెట్టె పెట్టాడు. "లేజర్ భద్రతా ఇన్‌స్పెక్టర్‌వి నువ్వు. ఎవరూ ప్రేమించరు, ఎవరూ ఆపరు. కాడలో రేడియో ఉంది. నేలమాళిగలో పనిచేయదు."

"వాళ్ళు కొలిచేది నేలమాళిగలోనే."

"తెలుసు. కానీ కొన్నాం కదా."

*

ప్రయోగశాల గుమ్మం దగ్గర చెప్పుల అర ఉంది. బూట్లు విప్పి ఇంటి చెప్పులు వేసుకోనిదే ఎవరినీ లోపలికి రానివ్వరు. టెక్నీషియన్ జ్బినెక్ గళ్ళ చెప్పుల జత ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. ఉబ్బిన కళ్ళు, నవ్వే నోరు ఉన్న మనిషి.

"పెద్దవేమో, ఇన్‌స్పెక్టరమ్మా. ఇవి మా ముసలాయనవి. ఎవరూ వేసుకోవట్లేదు, పారేయనూ బుద్ధి కావట్లేదు."

హెడ్వికా కాళ్ళు దూర్చింది. చాలా వదులుగా ఉన్నాయి.

నేలమాళిగలో ఇంజన్ ఒంటరిగా నిలబడి ఉంది. దాని సిలిండర్ ఇనుముది కాదు, గాజుది. పెట్రోలు ఉండదు, మంట ఉండదు. మోటారు తిప్పితే పిస్టన్ ఆడుతుంది, గాలి లోపలికి వస్తుంది. గాలి కనబడదు కాబట్టి అందులో సన్నటి నూనె తుంపర కలుపుతారు. పల్చటి రేకులా పరిచిన ఆకుపచ్చ లేజర్ కాంతి రెప్పపాటులో రెండుసార్లు మెరుస్తుంది. కెమెరా రెండు ఫోటోలు తీస్తుంది. రెండింటి మధ్య ఏ నూనెచుక్క ఎటు జరిగిందో చూసి, గాలి దారిని బాణాలుగా గీస్తారు.

"పైఅంతస్తు వాళ్ళు గాలిని లెక్కిస్తారు, మేం చూస్తాం," అన్నాడు జ్బినెక్. "వాళ్ళ గాలి బుద్ధిమంతురాలు. చెప్పినట్టు తిరుగుతుంది. మా గాలి మా ఆవిడ లాంటిది. నిన్న తిరిగిన దారిలో ఇవాళ తిరగదు."

"పైవాళ్ళు ఇక్కడికి వస్తారా?"

"ఛీ, వాళ్ళకి నూనె వాసన పడదు. అసలు రానివ్వం కూడా. పోల్చి చూసే రోజు దాకా వాళ్ళ లెక్క మేం చూడకూడదు, మా కొలత వాళ్ళు చూడకూడదు. ఒకరిది చూసి ఇంకొకరు దిద్దుకుంటారని ముసలాయన పెట్టిన కట్టుబాటు. భోజనాల దగ్గర కూడా వేరే బల్లలు. మొన్న మావాడొకడు పైఅంతస్తు పిల్లని పెళ్ళి చేసుకుంటానన్నాడు. ముసలాయన ఏమన్నాడో తెలుసా? 'శుక్రవారం అయ్యాక అడగరా' అన్నాడు."

నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ శుక్రవారం ఆయన చూడలేదు."

"ఆయన కొలత ఎక్కడుంది?"

"సీలు వేసి డైరెక్టరు గారి ఇనప్పెట్టెలో పెట్టారు. ఆయన ఆసుపత్రిలో ఉండగానే."

హెడ్వికా తలుపు దగ్గరికి వెళ్ళి, గొళ్ళెం వేసి తీసింది. గొళ్ళెం పడితే గోడ మీద ఎర్రదీపం వెలిగింది. తీస్తే ఆరిపోయింది. తలుపు మూసి గొళ్ళెం వేస్తేనే లేజర్‌కు కరెంటు అందుతుంది. ఇన్‌స్పెక్టర్ తన కాగితంలో టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం భోజనశాలలో ఒక స్త్రీ ట్రే పట్టుకుని ఆమె ఎదుట కూర్చుంది. వెండిరంగు జుట్టు, ఎర్రటి పట్టు స్కార్ఫ్. చుట్టుపక్కల బల్లల దగ్గర మగవాళ్ళు చెంచాలు పట్టుకోవడం మరిచిపోయారు. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ తరఫున పైఅంతస్తులో పనిచేసే కామిలా దెసెన్‌స్కా.

"ఈ ఏడు ప్లమ్ పళ్ళు తొందరగా రాలిపోయాయి," అంది కామిలా.

"మా అత్తగారింట్లో ఇంకా కొమ్మనే ఉన్నాయి," అని గుర్తుమాటకు బదులు చెప్పింది హెడ్వికా.

"నువ్వేనన్నమాట. ప్రాహర్ మగవాణ్ణి పంపుతాడనుకున్నా." కామిలా గొంతు తగ్గించింది. "అనవసరంగా వచ్చావు. ముసలాయన చివర్లో అందరినీ అనుమానించాడు, నన్ను కూడా. జబ్బు మనిషి. కొలత మాత్రం చక్కగా ఉందని విన్నాను."

"ఎవరు చెప్పారు? ఇంకా ఎవరూ చూడలేదుగా."

కామిలా చిరునవ్వు ఒక్క క్షణం అలాగే నిలిచిపోయింది. "అందరూ అనుకుంటున్నారులే," అంది.

*

శుక్రవారం హాలు నిండిపోయింది. ఒక పక్క పైఅంతస్తువాళ్ళు, ఒక పక్క కిందివాళ్ళు, ముందు వరుసలో కొనడానికి వచ్చిన పరదేశీయులు. డైరెక్టర్ ఓతాకర్ ఇనప్పెట్టెలోని డిస్కు సీలు అందరి ముందూ విప్పాడు. తెర మీద రెండు బొమ్మలు పడ్డాయి. ఎడమవైపు లెక్క, నీలం బాణాలు. కుడివైపు కొలత, ఎర్ర బాణాలు. రెంటిలోనూ గాలి వాల్వు దాటి వచ్చి, గోడ వెంట దిగి, పెద్ద సుడిగా తిరుగుతోంది. ఓతాకర్ ఒకదాని మీద ఒకటి పెట్టించాడు. బాణం మీద బాణం పడింది.

చప్పట్లు మోగాయి. లెక్కల విభాగం పెద్ద డాక్టర్ లుబోర్ తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఎనిమిదేళ్ళ పని. ఓతాకర్ ఫోను తీసి విమానాశ్రయంతో మాట్లాడాడు. "వెళ్ళనివ్వండి," అన్నాడు.

రెండో తెర వెలిగింది. మంచు కప్పుకున్న రన్‌వే, తెల్లటి చిన్న విమానం. మూలన ఎత్తు చూపే అంకె. స్పీకర్‌లోంచి హెడ్వికాకు తెలిసిన గొంతు వినిపించింది.

"కొంగ సిద్ధం. వాతావరణం మా నాన్న మూడ్‌లా ఉంది. అయినా వెళ్తాం."

హాలు నవ్వింది. విమానం లేచింది.

హెడ్వికా మొదటి తెరనే చూస్తోంది. హుబాచెక్ తరగతిలో ఎప్పుడూ ఒక మాట అనేవాడు. మొదటిసారే కలిసిందంటే, ఎవరో కలిపారని అర్థం. ఆమె బాణాల వెంట మెల్లగా చూపు నడిపింది. బయటికి పోయే వాల్వు కింద, పెద్ద సుడికి దూరంగా, చిన్న మెలిక ఒకటి ఉంది. నీలంలోనూ ఉంది, ఎరుపులోనూ ఉంది. అక్కడ గాలి మెలితిరగడానికి గోడ లేదు, అంచు లేదు, ఏమీ లేదు.

ఆమె జ్బినెక్ పక్కకు జరిగింది. "ఆ మెలిక మీ ఫోటోల్లో చూశావా?"

"లేదు. కానీ బాణాలు గీసేది ముసలాయన. నేను ఫోటోలే తీస్తాను."

"ఆ ఫోటోలున్నాయా?"

"కింద కెమెరా కంప్యూటర్లో. అన్నీ. ఎవరడుగుతారు వాటిని?"

"తాళంచెవి ఇవ్వు."

"లేజర్ తనిఖీ ఇప్పుడా, అమ్మా?"

"ఇప్పుడే."

*

నేలమాళిగలో జేబులోని కళ్ళద్దాల రేడియో గరగరలాడి చచ్చిపోయింది. హెడ్వికా కంప్యూటర్ తెరిచింది. కొండ ఎత్తు గాలితో తీసిన ఫోటోలు వరసగా వచ్చాయి. నల్లటి నేపథ్యంలో వేలకొద్దీ నూనెచుక్కలు. వాటిని జతజతలుగా కదిలించి చూసింది. సుడి సగందాకా వచ్చి చితికిపోతోంది. ప్రతిసారీ వేరేలా, కానీ ప్రతిసారీ చితికిపోతోంది. అలా చితికితే పెట్రోలు గాలితో కలవదు. మంట అంటుకోదు. ఆ ఎత్తులో ఇంజన్ ఆగిపోతుంది. ముసలాయనకు నచ్చని కొలత ఇదే.

ఫోటోలను చిన్న డ్రైవ్‌లోకి ఎక్కించి జేబులో వేసుకుంది. లేచి లేజర్ పెట్టె దాకా వెళ్ళేసరికి వెనక తలుపు మూసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడయ్యింది.

"ఎవరూ రాకుండా," అంది కామిలా. ఎర్ర స్కార్ఫ్ కింద చేతిలో చిన్న పిస్తోలు. "ఆ డ్రైవ్ బల్ల మీద పెట్టు. ఈ ఫోటోలు చెరపడానికి వచ్చాను. నువ్వు ముందొచ్చావు."

"డిస్కు మార్చింది నువ్వే."

"లెక్క మా దగ్గరుంది. దానికి కాస్త వణుకు కలిపి కొలతలా చేసి, సీలు పడకముందే మార్చేశాను. అందరూ ఏడ్చారు చూశావుగా, సంతోషంతో."

"పుట్టగొడుగులు?"

"ఆసుపత్రివాళ్ళకి కథ అల్లాను. తిన్నది పుట్టగొడుగులని తెలిస్తే కదా ఆయనకి. మాంసం పులుసులో రుబ్బి పోశాను." కామిలా గొంతులో కోపం లేదు. "ఆయన నిన్ను తలుచుకునేవాడు. తెలివైన పిల్ల, చదువు వదిలేసింది అనేవాడు. నువ్వేనని ఇప్పుడు అర్థమైంది."

హెడ్వికా నారింజరంగు కళ్ళద్దాలు పెట్టుకుంది.

"ఏంటది?"

"అలవాటు."

"పైలట్ ఎవరో నాకు తెలీదు," అంది కామిలా. "తెలుసుకోలేదు. తెలుసుకోకూడదు ఈ పనిలో."

"నాకు తెలుసు."

గోడ మీద ఎర్రదీపం వెలుగుతోంది. అదేమిటో కామిలాకు తెలియదు. పైఅంతస్తువాళ్ళు కిందికి రారు. హెడ్వికా ఎడమచేయి లేజర్ ముందున్న చిన్న అద్దం మరను ఒక చుట్టు తిప్పింది. కాంతిని గాజు సిలిండర్‌లోకి వంచే అద్దం అది. ఇప్పుడు తలుపు వైపు తిరిగింది. గళ్ళ చెప్పులోని కాలు, లేజర్‌ను మెరిపించే కింది మీటను తొక్కింది.

చప్పుడేమీ కాలేదు. ఆకుపచ్చగా ఒక్క మెరుపు, వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత పిస్తోలు పేలింది. ఇంజన్ గాజు సిలిండర్ భళ్ళున పగిలి నేల మీద పడింది.

కామిలా నిలబడే ఉంది. పిస్తోలు జారిపోయింది. రెండు చేతులూ ముందుకు చాచింది.

"లైటు ఎందుకు ఆపేశావు?" అంది.

హెడ్వికా వంగి పిస్తోలు తీసుకుంది. కామిలా భుజం పట్టి, గాజు పెంకులు గుచ్చుకోకుండా పక్కకు జరిపి కూర్చోబెట్టింది. గొళ్ళెం తీసింది. ఎర్రదీపం ఆరిపోయింది.

"లైటు వెయ్యి," అంటోంది కామిలా వెనకనుంచి. "దయచేసి లైటు వెయ్యి."

*

హాల్లో తెర మీద అంకె పెరుగుతోంది. పరదేశీయులకు వైన్ పోస్తున్నారు.

"విమానాన్ని దింపండి," అంది హెడ్వికా.

ఓతాకర్ వెనక్కి తిరిగాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ పని కళ్ళద్దాల వరకు."

ఆమె గుర్తింపు కార్డు చూపించింది. ఆయన మొహం మారింది కానీ ఫోను చేతికివ్వలేదు. "కలిశాయమ్మా! అందరూ చూశారు. నేనిప్పుడు ఆపితే ఈ ముగ్గురూ లేచి పోతారు. మా బతుకులు పోతాయి. ఏ ఆధారంతో ఆపను?"

ఆమె ఆయన్ని వదిలేసి లుబోర్ దగ్గరికి వెళ్ళింది. "డాక్టరు గారూ, ఆ మెలిక ఏంటి?"

"ఏ మెలిక?"

"వాల్వు కింద. మీ లెక్క ఎలా కడతారు? సిలిండర్‌ని చిన్నచిన్న గళ్ళుగా కోసి కదా?"

"అవును. గోడ దగ్గర సన్నగళ్ళు, మధ్యలో పెద్దగళ్ళు. రెండూ కలిసే చోట..." లుబోర్ మాట ఆగిపోయింది.

"కలిసే చోట?"

"అతుకుంటుంది. అతుకు దగ్గర లెక్క కాస్త తడబడుతుంది. లేని మెలిక కనబడుతుంది. చిన్నదే కదా అని వదిలేశాను." ఆయన లేచి తెర దగ్గరికి నడిచాడు. ఎర్రబాణాల మీద వేలు పెట్టాడు. "ఇది కొలత. ఇందులో ఎలా ఉంది? గాలికి నా గళ్ళు తెలీవు. గాలికి అతుకుండదు."

హెడ్వికా డ్రైవ్‌ను జ్బినెక్ చేతికిచ్చింది. ఫోటోలు తెర మీదికి వచ్చాయి. చుక్కల సుడి లేచింది, చితికింది. లేచింది, చితికింది. హాలులో వైన్ గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

లుబోర్ ఓతాకర్ చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "టవర్! నన్ను విమానానికి కలపండి. నేరుగా."

స్పీకర్ గరగరలాడింది. "కొంగ వింటోంది."

"కిందికి దిగండి. ఇంకా పైకి పోవద్దు."

"ఎందుకు? అంతా బాగుంది. ఇంకొంచెం ఎక్కితే ఇంజన్ తగ్గించి పెంచే పరీక్ష. దాని కోసమేగా వచ్చింది."

"తగ్గించొద్దు! చేయి తీయండి దాని మీంచి!"

"ఎవరు మాట్లాడేది?"

"లెక్క తప్పినవాణ్ణి."

స్పీకర్‌లో ఇంజన్ మోత ఒకసారి తెగింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ తెగింది. హెడ్వికా మైకు పక్కనే నిలబడి ఉంది. పేరు పెట్టి పిలవాలని నోరు తెరిచి, మూసుకుంది. తన గొంతు వింటే కూతురు తిరిగి మాట్లాడుతుంది, ప్రశ్నలడుగుతుంది. అంత సమయం లేదు.

"ముక్కు కిందికి," అన్నాడు లుబోర్. ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది. "మెల్లగా. దట్టమైన గాలిలోకి వచ్చేయమ్మా."

మూడోసారి మోత తెగింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. తెర మీద అంకె ఆగింది. తర్వాత తగ్గడం మొదలైంది. ఎప్పుడో, గరగరల మధ్య, ఇంజన్ మళ్ళీ అందుకుంది.

"దిగుతున్నా," అంది అపొలెనా. ఈసారి ఆ గొంతులో హాస్యం లేదు.

*

"కామిలాకి ఇక చూపు రాదట," అన్నాడు ప్రాహర్, ఆ సాయంత్రం అదే సారాయి కొట్టులో. ఈసారి సూప్ తెప్పించుకోలేదు. "పేర్లు చెప్తోంది. జలగ నోరు ఇక్కడ ఊడినట్టే. నీ గురించి అడిగింది."

"ఏమని?"

"ఆ గదిలో లైటు వేశావా అని."

హెడ్వికా కిటికీ వైపు చూసింది. డిపోలోకి ఖాళీ ట్రామ్ ఒకటి వస్తోంది.

"గురువుగారు అనుమానపడుతున్నారని ఆమెకి ఎవరు చెప్పారు?" అంది.

ప్రాహర్ చూపు బల్ల మీదికి దించుకున్నాడు. "ఆమెతో అనడానికి ముందు ఆయన నాకే ఫోను చేశాడు. నేను ఆమెకి చెప్పాను. కాస్త కనిపెట్టుకుని ఉండు అన్నాను."

హెడ్వికా కోటు తీసుకుని లేచింది. ఆయన ఆపలేదు.

ఇంటికి చేరేసరికి ఫోను మోగుతోంది.

"అమ్మా, చూశావా ఇవాళ్టి ముచ్చట?" అపొలెనా గొంతు మళ్ళీ మామూలైపోయింది. "ఎవరో మధ్యలో వేలుపెట్టి నన్ను దింపేయించారు. అంత దూరం ఎక్కించి, ఇంకో మూరెడు దూరంలో ఉండగా! లెక్కలాయన ఎవరో ఏడుస్తూ మాట్లాడాడు. అసలు ఆపమన్నది ఇంకెవరో ఉన్నారట. పేరు చెప్పట్లేదు. దొరికితే చెంప పగలగొడతా."

"పగలగొట్టు," అంది హెడ్వికా. "తిన్నావా?"

"తిన్నాలే. కోపంతోనే తిన్నాను. నీకేం తెలుసమ్మా, ఇంకో వంద మీటర్లు ఎక్కనిచ్చి ఉంటే రేపు అన్ని పేపర్లలో నా పేరు పడేది."

హెడ్వికా ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది.

"అవును," అంది. "ఫోటోతో సహా పడేది."